ఆరు పాయింట్ మూడు పిట్టలు

మే 17, 2011. మంగళవారం

ఈరోజు నా గ్రాఫ్‌కి చప్పట్లు కొట్టారు. స్పీకర్‌ఫోన్‌లోంచి వచ్చే చప్పట్లు రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంటాయి.

టెక్సస్‌లో, ప్లేనోలో తొమ్మిది తెలుగు కుటుంబాలు. సగం డాక్టర్లు, సగం ఐటీ. మూడేళ్ళ కిందట అందరూ కలిసి ఇక్కడ ఆర్కన్సాలో, వాషిటా కొండల్లో, తొమ్మిది వందల ఎకరాల అడవి కొన్నారు. ఊరి బయట ఇళ్ళ స్థలాలు కొన్నట్టే కొన్నారు: రోడ్డు ఫేసింగ్ ఉందా, తూర్పు ఎటు, పక్కన ఎవరిది. ఒక్కరూ అందులో కాలు పెట్టలేదు. కంప్యూటర్‌లో పైనుంచి చూసుకుని మురిసిపోతారు. ఇప్పుడు దాన్ని కార్బన్ ప్రాజెక్ట్ చేయమని మా కంపెనీ ఓనర్ చక్రపాణి గారిని పట్టుకున్నారు. చెట్టు గాలిలోంచి లాక్కుని ఒంట్లో దాచుకున్న కార్బన్‌ని టన్నుల్లో లెక్కగట్టి, పొగ వదిలేవాళ్ళకి అమ్ముకోవడం. దానితోపాటు అడవిలో ప్రాణులు కూడా పెరుగుతాయని చూపిస్తే ఇంకో మెట్టు పైన సర్టిఫికెట్.

నా గ్రాఫ్ చూపించేది అదే. అడ్డంగా కార్బన్, నిలువుగా పక్షి రకాలు. నూట ఇరవై చోట్లు, నూట ఇరవై చుక్కలు. చీమల బారులా పైకెక్కిపోయే గీత. కోరిలేషన్ 0.91; ఒకటి వస్తే రెండూ అచ్చంగా కలిసి నడిచినట్టు.

"కార్బన్ ఎక్కడుంటే ప్రాణం అక్కడ. ఇదండీ మన లైన్," అన్నారు చక్రపాణి గారు. బ్రోషర్ మీద వేస్తారట.

ప్లేనో గుంపుకి పెద్ద వీరభద్రం గారు, గుండె డాక్టరు. "బానే ఉంది. మరి పైన ఆ గుట్ట మీద మూడొందల ఎకరాలు ఖాళీగా పడుంది కదా, దాన్నేం చేద్దాం?" అన్నారు.

"ఉన్న నాలుగు చెట్లూ తీసేసి తొందరగా పెరిగే లాబ్లాలీ పైన్ దట్టంగా వేసేద్దాం సార్. ఇరవై ఏళ్ళలో కార్బన్ మూడింతలు. పిట్టలూ పెరుగుతాయి. డేటా చెప్తోంది కదా."

"శుభం. కానివ్వండి."

ఖాళీ అట. చెట్టుకీ చెట్టుకీ మధ్య గడ్డి ఉంటే వీళ్ళకి అది ఖాళీ. చూడని నేలని ఖాళీ అనడానికి ఎంత ధైర్యం ఉండాలి. (నేనూ చూడలేదు. కానీ నేను ఖాళీ అనలేదు.)

పైగా మెచ్చుకునేటప్పుడు నా పక్క సీటు కౌశిక్ పేరు ముందు చెప్పారు. వాడిచ్చింది టెంప్లేట్ ఒక్కటే. గ్రాఫ్ నాది.

మే 18

జూలై ఆఖర్లో చెట్లు కొట్టేసి, హెలికాప్టర్‌తో మందు చల్లి, గుట్ట మీద మిగిలినదంతా చంపి, చలికాలంలో మొక్కలు నాటుతారట. కౌశిక్ కాఫీ కలుపుకుంటూ చెప్పాడు, రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు.

మే 20. శుక్రవారం

లోరెట్టా ఫోన్ చేసింది. మాకు పక్షులు లెక్కపెట్టిపెట్టే ఆవిడ. డెబ్భై ఏళ్ళుంటాయి, బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. అడవిలో గుర్తు పెట్టిన ఒక్కో చోట, అంటే ఒక్కో ప్లాట్ దగ్గర, పది నిమిషాలు కదలకుండా నిలబడి, చెవులతోనే ఏయే పిట్టలున్నాయో రాసుకుంటుంది.

"రిపోర్ట్ చూశాను, హనీ. నూట ఇరవై ప్లాట్ల పక్కన నా పేరు ఉంది. నేను నిలబడింది నలభై ఆరింటి దగ్గర."

"వానల వల్ల మిగతావి కుదరలేదు కదా. వాటిని మోడల్‌తో నింపాం."

"దేనితో నింపారు?"

"స్టాటిస్టిక్స్‌తో."

"డెబ్భై ఒకటో ప్లాట్‌లో ఆరు పాయింట్ మూడు రకాలు విన్నానని ఉంది. నలభై ఏళ్ళుగా వింటున్నాను. పాయింట్ మూడు పిట్ట ఎలా కూస్తుందో నాకింకా తెలీదు."

నవ్వుతోందేమో అనుకున్నాను. నవ్వడం లేదు.

ఈవిడకి ఎక్కడ అర్థమవుతుంది. ఖాళీలుంటే సాఫ్ట్‌వేర్ నడవదు. ఊరికే చెవులు రిక్కించుకుని నిలబడేవాళ్ళకి ఆ తర్వాత ఎంత పని ఉంటుందో తెలియదు. వారమంతా చేసిన పనిని ఒక్క వెటకారంతో తీసిపారేసింది.

మే 23. సోమవారం

నేను తప్పేం చేయలేదు. దొరకని విలువల్ని దొరికిన వాటినుంచి అంచనా కట్టడం మాస్టర్స్‌లో మొదటి సెమిస్టర్ పాఠం. చలికాలంలో ఫారెస్టర్లు మొత్తం నూట ఇరవై ప్లాట్లలో చెట్లు కొలిచారు కాబట్టి కార్బన్ అన్నిచోట్లా ఉంది. పక్షులు నలభై ఆరింట్లోనే ఉన్నాయి. ఆ నలభై ఆరింట్లో కార్బన్ పెరిగితే పక్షులు పెరిగాయి. ఆ లెక్కనే మిగతా డెబ్భై నాలుగుకి వేశాను. అంతే.

ఏప్రిల్ వానలకి గుట్ట మీదికి రోడ్డు కొట్టుకుపోయింది. అది నా తప్పు కాదు. అందుకే లోరెట్టా కింద వాగు పక్కన, ఎప్పుడో చెట్లు నరికేసిన చోట మాత్రమే తిరగగలిగింది. వాగు దగ్గర పెద్ద పెద్ద ఓక్‌లు, బోలెడు పిట్టలు. నరికిన చోట రెండూ లేవు. గుట్ట మీద ప్లాట్ ఒక్కటి కూడా అందులో లేదు. అదీ నా తప్పు కాదు.

"ఖాళీలు లేకుండా చూడమ్మా," అన్నది చక్రపాణి గారు. చూశాను.

మే 28. శనివారం

రోడ్డు బాగుచేశారని లోరెట్టా మెసేజ్ పెట్టింది. వస్తావా అని అడగలేదు. నిన్న సాయంత్రమే మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళి వాళ్ళింట్లో పడుకున్నాను. ఆవిడ తప్పు ఆవిడకే చూపిద్దామని వెళ్ళాను. అది ఇక్కడ రాసుకోవాలి, లేకపోతే పశ్చాత్తాపంతో వెళ్ళాననుకుంటాను తర్వాత.

పొద్దున ఆరుకల్లా డెబ్భై ఒకటో ప్లాట్.

పైన్ చెట్లే, కానీ ముసలివి. ఒకదానికొకటి ఎడంగా, పెళ్ళిపందిరి గుంజల్లా. బోదెలు మోకాలెత్తు దాకా నల్లగా మాడి ఉన్నాయి. మధ్యంతా నడుమెత్తు గడ్డి, పసుపు పూలు, ఏవో తీగలు, మంచు తడి. పాత యజమాని మూడేళ్ళకోసారి ఫిబ్రవరిలో గడ్డికి నిప్పు పెట్టేవాడట. నిప్పు చిన్న మొక్కల్ని తినేస్తుంది, ముసలి పైన్‌ని ఏం చేయదు, వారంలో కొత్త గడ్డి లేస్తుంది. అందుకే ఎండ నేలదాకా వస్తుంది. అందుకే ఇక్కడ కార్బన్ తక్కువ. అందుకే మా మ్యాప్‌లో ఇది లేత పసుపు రంగు, అంటే 'పనికిరానిది'.

లోరెట్టా గడియారం చూసుకుని నిలబడింది. కొత్త పిట్ట కూసినప్పుడల్లా ఒక వేలు ఎత్తుతుంది, నాకు తెలియడానికి. మొదటి నిమిషంలోనే ఒక చెయ్యి అయిపోయింది. కౌజుపిట్ట నాకూ తెలిసింది, ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలిచినట్టు రెండు ముక్కల్లో అరుస్తుంది. తలంతా ఎర్రగా ఉన్న వడ్రంగిపిట్ట ఒకటి ఎండిన మోడు మీద. కొమ్మ కింద తలకిందులుగా నడుస్తూ, రబ్బరు బొమ్మ నొక్కినట్టు కీచుమనేవి నాలుగు. మిగతావి నాకు ఒట్టి చప్పుడు. రెండు చేతులూ అయిపోయాక ఆవిడ మళ్ళీ మొదటి వేలు దగ్గర్నుంచి మొదలెట్టింది.

పది నిమిషాలు. పందొమ్మిది.

నేను వేసింది ఆరు పాయింట్ మూడు.

"గాలి లేదు, మంచి రోజు. అందుకే ఇన్ని అయ్యుంటాయి," అన్నాను.

"సరే, ఇంకోటి చూద్దాం," అంది. డెబ్భై నాలుగు: పదిహేడు. ఎనభై: పద్దెనిమిది.

తర్వాత కంచె దాటించి పక్కవాళ్ళ లాబ్లాలీ తోటలోకి తీసుకెళ్ళింది. మేం గుట్ట మీద వేయబోయేది అచ్చం ఇదే. పదిహేనేళ్ళ తోట. వరసలు, వరసలు. లోపల తొమ్మిది గంటలప్పుడు కూడా మసక. నేలంతా సూదుల్లాంటి ఎండు ఆకులు, ఒక్క గడ్డిపోచ లేదు. కార్బన్ పరంగా బంగారం. పది నిమిషాలు నిలబడ్డాం. లోరెట్టా నాలుగు వేళ్ళు ఎత్తింది. నాలుగోది పైన ఎగిరిపోతున్న కాకి.

"వాగు దగ్గర రెండూ ఉంటాయి. గుట్ట మీద ఒకటే ఉంటుంది, ఇక్కడ ఇంకోటే ఉంటుంది," అంది కారెక్కుతూ. "ఎక్కడికక్కడ వెళ్ళి చూడాల్సిందే."

తిరిగి వచ్చేదారంతా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక రేడియో మీద తెచ్చుకున్నాను.

మే 31. మంగళవారం

చక్రపాణి గారికి చెప్పాను. అంతా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. రెండువేల రెండులో ఉద్యోగం ఊడి, గరాజ్‌లో ఈ కంపెనీ పెట్టి, ఐదుగురికి జీతాలిస్తున్నాడు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

"అమ్మా, మూడు ప్లాట్లు చూసి నువ్వు ఊగిపోతున్నావు. నూట ఇరవైలో మూడు."

"మిగతా డెబ్భై ఒకటి ఎవరూ చూడలేదు కదండీ."

"అందుకే కదా మోడల్ ఉంది."

"ఆ మోడల్ కార్బన్ నుంచే పిట్టల్ని పుట్టించింది. పుట్టించి, చూడండి కార్బన్‌కీ పిట్టలకీ ఎంత బాగా కలిసిందో అంటున్నాం. కలవక ఏం చేస్తుంది? మనమే కలిపాం. నిజంగా లెక్కపెట్టిన నలభై ఆరు చూస్తే అది 0.6 దాటదు."

ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు.

"కింద ఫుట్‌నోట్ పెడదాం. 'సమ్ వాల్యూస్ ఆర్ మోడల్డ్.' చాలు."

"గుట్ట?"

"గుట్ట గుట్టే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? నీ ఓపీటీ ఎప్పటిదాకా?"

"ఆగస్ట్ థర్టీ ఫస్ట్." చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే పర్మిట్ అది.

"నీ హెచ్-వన్ వీసా పిటిషన్ లాయర్ దగ్గర్నుంచి వచ్చింది, నా టేబుల్ మీదే ఉంది. ఈ ప్రాజెక్ట్ హడావిడి అయిపోగానే సంతకం పెట్టేస్తాను."

బెదిరించలేదు. ఒక్క మాట పరుషంగా అనలేదు. అదే ఒళ్ళు మండించింది. బెదిరిస్తే తిరగబడేదాన్ని.

జూన్ 2

నింపమన్నది ఆయన. నేను నింపమన్నదే నింపాను.

జూన్ 5. ఆదివారం

ఉమ ఆంటీ భోజనానికి పిలిచారు. చక్రపాణి గారి భార్య, ఆఫీసులో పేరోల్ ఆవిడే చూస్తారు. ఆయన లాన్‌లో గడ్డి కోస్తుంటే వంటింట్లో నిలబడి అంతా కక్కేశాను. మీ ఆయన నాతో దొంగలెక్క రాయించారు అనే దాకా వెళ్ళాను. గోంగూర కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఆయన ఏమన్నారు? అచ్చంగా ఆ మాట చెప్పు."

"ఖాళీలు లేకుండా చూడమన్నారు."

"కార్బన్ చూసి పిట్టల నంబర్లు వెయ్యమన్నారా?"

"... లేదు."

"మళ్ళీ మనుషుల్ని పంపించి లెక్కపెట్టించండి అని నువ్వు అడిగావా? అడిగితే కాదన్నారా?"

అడగలేదు.

"ఆయన్ని వెనకేసుకురావట్లేదమ్మా. ఆయన సంగతి నాకు తెలుసు, పని అయిపోతే ఎలా అయిందని అడగడు. కానీ నువ్వు అడగకుండా చేసింది కూడా ఆయన మీదే వేస్తున్నావు." గిన్నె నా ముందు పెట్టారు. "తిను, చల్లారిపోతుంది."

తిన్నాను. రుచిగా ఉందని చెప్పాను కూడా.

ఇంటికొచ్చి ఆ ఫైల్ తెరిచాను. ఏప్రిల్ 29, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆ రోజు నాకు గుర్తుంది. ఎత్తు, వాలు, చెట్ల వయసు, నిప్పు పెట్టిన ఏడాది, అన్ని కాలమ్‌లూ ఉన్నాయి. నిప్పు కాలమ్ కలిపి చూస్తే మోడల్ పిచ్చిపట్టినట్టు ఊగింది, ఎందుకంటే నలభై ఆరింట్లో కాలిన ప్లాట్ ఒక్కటీ లేదు. అంటే గుట్ట గురించి నాకేమీ తెలియదని సాఫ్ట్‌వేరే చెప్పింది. ఆ కాలమ్ తీసేశాను. కార్బన్ ఒక్కదానితో వేశాను. 0.91 వచ్చింది.

వచ్చినప్పుడే తెలుసు. కుర్చీ వెనక్కి వాల్చి నవ్వుకున్నాను. అంత అందమైన నంబరు అడవిలోంచి రాదని తెలిసే నవ్వుకున్నాను.

జూన్ 11. శనివారం. ప్లేనో

వీరభద్రం గారింట్లో మీటింగ్. ఫుట్‌నోట్ గురించి 'క్లారిఫికేషన్' ఇవ్వడానికి చక్రపాణి గారు నన్నూ తీసుకొచ్చారు. గుట్ట మీద మూడు ప్లాట్ల లెక్క, పక్క తోట లెక్క, రెండూ స్క్రీన్ మీద పెట్టాను. దానికి ఆయన అడ్డు చెప్పలేదు, అది మెచ్చుకోవాలి.

"అంటే ఏంటమ్మా, మొక్కలేస్తే కార్బన్ పెరగదా?" అన్నారు వీరభద్రం గారు.

"పెరుగుతుందండి."

"మరింకేంటి బాధ?"

"పిట్టలు పోతాయి. గడ్డీ, గడ్డిలో బతికేవీ పోతాయి. రెండూ కలిసి పెరుగుతాయని మేం రాసింది తప్పు."

"పిట్టలకేమ్మా, రెక్కలున్నాయి. పక్క కొండకి పోతాయి," అన్నారు శేషగిరి గారు, సమోసా చట్నీలో ముంచుతూ. అందరూ నవ్వారు.

"ఆ పక్క కొండ ఇంకో తొమ్మిది మంది తెలుగువాళ్ళు కొన్నారేమో, కనుక్కున్నారా?" అంది ఒకావిడ. వసుమతి గారు, కళ్ళ డాక్టరు.

"డాక్టరమ్మ మొదలెట్టింది. వదినా, మీరు వెజిటేరియన్ కాబట్టి పిట్టల మీద ప్రేమ," అన్నారు శేషగిరి గారే.

"ప్రేమా లేదు దోమా లేదు. నా షేర్‌లో ఏముందో నాకు తెలియాలి." నా వైపు తిరిగారు. "ఫుట్‌నోట్‌లో మోడల్డ్ అన్నారే, ఆ నంబర్లు మరి ఎక్కడ్నుంచి వచ్చాయి?"

అదే ప్రశ్న. అంతకన్నా తేలిగ్గా ఎవరూ అడగలేరు. గదిలో ఇరవై మంది నావైపు చూస్తున్నారు. నేను చక్రపాణి గారివైపు చూశాను.

"సిస్టమ్‌లో చిన్న గ్లిచ్, మేడమ్. ఫిక్స్ చేస్తున్నాం," అన్నారు ఆయన.

వసుమతి గారు ఇంకా నన్నే చూస్తున్నారు. ప్రొజెక్టర్ వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"సరే, ఆ పిట్టల ముక్క దిద్దేయండి. పని మాత్రం ఆపొద్దు, హెలికాప్టర్ బుక్ అయిపోయింది," అన్నారు వీరభద్రం గారు. చప్పట్లు లేవు. బిర్యానీ వచ్చింది.

వాళ్ళ మీద రాద్దామని కూర్చున్నాను. ఆ నవ్వుల మీద, ఆ సమోసాల మీద. రాయలేకపోతున్నాను. వాళ్ళు చూడకుండా కొన్నారు. నేను చూడకుండా నింపాను. అడిగినప్పుడు వైరు చుట్టాను.

జూన్ 13. సోమవారం

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ రూల్ పుస్తకం మొత్తం చదివాను, మొదటిసారి.

రిపోర్ట్ తప్పైతే రెండు ఫారాలున్నాయి. ఒకటి 'లెక్కింపులో పొరపాటు'. ముప్పై రోజుల్లో దిద్దుకోవచ్చు, తేదీలేవీ మారవు, జూలై జూలైలాగే ఉంటుంది. రెండోది 'సేకరించని సమాచారాన్ని సేకరించినట్టు చూపడం'. అది వేస్తే ప్రాజెక్ట్ మళ్ళీ మొదటికి. రెండు వసంతాలు పక్షుల్ని లెక్కపెట్టాలి, అప్పటిదాకా ఆ నేల మీద చెట్టు కొట్టకూడదు, మందు చల్లకూడదు. రెండో ఫారం కంపెనీ వేయక్కర్లేదు. రిపోర్ట్ తయారుచేసిన మనిషి సంతకం చాలు. ఆ మనిషి పేరు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఐదేళ్ళు.

చక్రపాణి గారు మొదటి ఫారం నింపి తెచ్చారు. కారణం దగ్గర 'సాఫ్ట్‌వేర్ ఎర్రర్'.

"సాఫ్ట్‌వేర్ సరిగ్గానే పనిచేసిందండీ."

"దానికి పరువు నష్టం లేదు కదా తల్లీ. నీకుంది. నాకుంది."

"గుట్ట పోతుంది."

"ఐదేళ్ళు నీ పేరు అక్కడ వేలాడుతుంది. ఈ ఫీల్డ్‌లో ఎవడూ నిన్ను తీసుకోడు. నేను పిటిషన్ మీద సంతకం పెట్టినా రేపు ఆఫీసర్ గూగుల్ చేస్తాడు. ఎవరి కోసం? ఆ గుట్ట వచ్చి నిన్ను అడిగిందా?"

అడగలేదు. అది కూడా నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. గుట్ట అడగదు కాబట్టే కదా మూడేళ్ళనుంచీ అందరం దానికి ఏం కావాలో చెప్పేస్తున్నాం.

జూన్ 14. మంగళవారం

రెండో ఫారంలో కారణం రాయడానికి నాలుగు గీతలే ఇచ్చారు. వానల గురించి మొదలుపెట్టి కొట్టేశాను. రోడ్డు గురించి రాసి కొట్టేశాను. 'సూచనల మేరకు' అని రాశాను, అదీ కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది:

'డెబ్భై నాలుగు ప్లాట్లలో పక్షుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. అక్కడి సంఖ్యల్ని కార్బన్ విలువలనుంచి నేను తయారుచేసి, లోరెట్టా పేరు పక్కన పెట్టాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. గుట్ట గురించి మా రిపోర్ట్‌కి ఏమీ తెలియదు.'

సంతకం. పది గంటల నలభై నిమిషాలకి ఫ్యాక్స్ వెళ్ళింది. కాపీ చక్రపాణి గారి టేబుల్ మీద పెట్టాను, ఇంకోటి వసుమతి గారికి ఈమెయిల్ చేశాను.

మూడింటికి జవాబొచ్చింది. ప్రాజెక్ట్ నిలిపివేత, 2013 వేసవి దాకా. ఆ తర్వాత ఏం చేస్తారో చెప్పలేను. అప్పటికి నేనీ దేశంలో ఉంటానో లేదో కూడా చెప్పలేను.

చక్రపాణి గారు అరవలేదు. పిటిషన్ ఉన్న ఫైల్ తీసి సొరుగులో పెట్టారు. తర్వాత హెలికాప్టర్ వాళ్ళకి ఫోన్ చేశారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. వెళ్ళమన్నట్టు చూశారు. వెళ్ళలేదు.

"పోస్ట్‌పోన్ చేయాలండీ," అన్నారు ఫోన్‌లో.

"క్యాన్సిల్," అన్నాను.

నావైపు చూశారు. అవతల ఎవరో హలో హలో అంటున్నారు.

"క్యాన్సిల్," అన్నారు ఫోన్‌లో. "అవును. మూడొందల ఎకరాలూ."